అంబాసిడర్ ఇంజన్ మొరాయిస్తే ఇంట్లోనే లోపం కనిపెట్టడం: సుంకి ఘాట్ ఎగువన ఉండేవాళ్ల కోసం

సాలూరు నుంచి సుంకి కొండదారి ఎక్కితే వచ్చే ఒడిశా ఊళ్లు కొరాపుట్, జయపురం, సునాబెడ వైపు తెలుగు ఇళ్లలో ఇప్పటికీ పాత అంబాసిడర్లు ఉన్నాయి. నాన్న కొన్నదో, తాతగారు వాడిందో, అమ్మడానికి మనసొప్పక షెడ్డులో టార్పాలిన్ కప్పి ఉంచినదో. బండి మీద ప్రేమ ఉంది కానీ పాయింట్లు (స్పార్క్ కోసం కరెంటుని కలిపి తెంపే చిన్న స్విచ్) సెట్ చేయడం, కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపేది) ట్యూనింగ్ తెలిసిన పాత మేస్త్రీలు ఒక్కొక్కరే పని మానేస్తున్నారు, కొత్తగా పని నేర్చుకున్న కుర్రాళ్లకి స్కానర్ తగిలించే బళ్లే అలవాటు. పైగా మనకి సామాను విశాఖ నుంచో, బరంపురం నుంచో, కొన్నిసార్లు కలకత్తా మల్లిక్ బజార్ నుంచో పార్సిల్లో రావాలి. అనుమానం మీద కాయిల్ (బ్యాటరీ కరెంటుని స్పార్క్‌కి సరిపడా పెంచేది) తెప్పించి, అది కాదని తేలాక కార్బొరేటర్ కిట్ తెప్పించి, అదీ కాదనుకునేలోపు నెల గడిచిపోతుంది, డబ్బూ పోతుంది. అందుకే ఈ గైడ్ అంతటికీ ఒక్కటే పద్ధతి: పార్టు కొనకముందు పరీక్ష, ఒకసారికి ఒక్కటే మార్పు, మార్చిన ప్రతిదీ పుస్తకంలో రాత.

ఇక్కడ చెప్పేది 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ గురించి, అంటే హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో దశాబ్దాలపాటు తయారుచేసిన, బ్రిటన్‌లోని బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ సిరీస్ డిజైన్ ఇంజన్. ఇసుజు ఇంజన్, డీజిల్ ఇంజన్ ఉన్న బళ్లకి కొలతలు వేరు, ఆలోచించే వరస మాత్రం చాలావరకు పనికొస్తుంది.

ముందు చేతిలో ఉండాల్సినవి

మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంప్, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), ప్లగ్ స్పానర్, కంప్రెషన్ గేజ్ (సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచేది). వీలైతే వాక్యూమ్ గేజ్ (ఇంజన్ గాలిని లాగే బలం కొలిచేది) కూడా, ఖరీదు పెద్దగా ఉండదు, అది చెప్పినన్ని సంగతులు ఇంకే పరికరమూ చెప్పదు. స్పానర్ల దగ్గర జాగ్రత్త. ఈ ఇంజన్‌లో చాలా బోల్టులు అంగుళాల సైజువి, 7/16, 1/2, 9/16 లాంటివి. మిల్లీమీటర్ స్పానర్ దగ్గరగా పట్టినట్టే పట్టి తల అరగదీస్తుంది, తర్వాత అది ఊడదు. అంగుళాల సెట్ ఒకటి విడిగా కొనుక్కోండి.

బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేయాలి, చక్రానికి రాయి పెట్టాలి. షెడ్డు తలుపులు మూసి ఇంజన్ నడపొద్దు, పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. మెడలో తువ్వాలు, చున్నీ, వదులు చొక్కా వద్దు, ఫ్యాన్ రెక్కలు లాగేస్తాయి. పెట్రోల్ పైపు విప్పే రోజు చుట్టుపక్కల బీడీ, అగరబత్తి, స్టవ్ ఏదీ ఉండకూడదు. మంటలు ఆర్పే చిన్న సిలిండర్ ఒకటి పక్కన పెట్టుకోండి. తాళం తిప్పడానికి ఇంట్లో ఒకరిని సీట్లో కూర్చోబెట్టుకుంటే సగం పని తేలిక.

మొదటి మెట్టు: బండి ఎప్పుడు మొరాయిస్తోందో రాయండి

బానెట్ ఎత్తకముందే ఈ పని చేయాలి. బండి సరిగ్గా లేదు అంటే ఏమీ తెలియదు. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఖాళీగా నిలబడ్డప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా? వాన పడ్డ మర్నాడు పొద్దున మాత్రమేనా? ఉన్నట్టుండి ఒక్కసారిగా ఆగిందా, గుటకలు వేస్తూ నెమ్మదిగా ఆగిందా?

ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగితే ఎక్కువసార్లు కరెంటు వైపు లోపం. దగ్గుతూ, పికప్ తగ్గుతూ, కాసేపు లాక్కొచ్చి ఆగితే ఎక్కువసార్లు పెట్రోల్ అందడం లేదు. వేడెక్కాక ఆగి, అరగంట చల్లారాక మళ్లీ ఏమీ జరగనట్టు స్టార్టయితే అనుమానాలు నాలుగు: కాయిల్, కండెన్సర్ (పాయింట్లు కాలిపోకుండా కాపాడేది), పెట్రోల్ ఆవిరై పైపులో అడ్డుపడటం, ట్యాంకు మూతకి గాలి రంధ్రం మూసుకుపోవడం. ట్యాంకు మూత పరీక్షకి పైసా ఖర్చు లేదు. ఆగిన వెంటనే మూత తీయండి, స్స్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే.

రెండో మెట్టు: కళ్లతో, ముక్కుతో

బ్యాటరీతో మొదలుపెట్టండి. బండి రాత్రంతా ఆగి ఉన్నాక 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 కంటే బాగా కిందకి జారితే, ఇంజన్ తిరుగుతున్నట్టే ఉంటుంది కానీ కాయిల్‌కి సరిపడా కరెంటు మిగలదు, స్పార్క్ బలహీనపడుతుంది. చాలామంది ఇక్కడ స్పార్క్ లేదని కాయిల్ మార్చేస్తారు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య చూపిస్తే చార్జింగ్ బాగున్నట్టు, డైనమో ఉన్న బళ్లలో ఐడ్లింగ్‌లో తక్కువ చూపిస్తుంది, కొంచెం రేస్ చేసి చూడండి. బ్యాటరీ తీసి పెట్టేటప్పుడు ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో ముందే చూసుకోండి, మరీ పాత బళ్లలో ప్లస్సు ఎర్త్‌కి ఉండే అవకాశం ఉంది.

ఇంజన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీని వదిలేయకండి. మీటర్ ఒక కాలు బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, ఇంకో కాలు ఇంజన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే పట్టీ తుప్పు పట్టింది, లేదా బోల్టు వదులైంది. విప్పి, గీకి, బిగిస్తే సరి.

తర్వాత డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ కాఫీ రంగులో నురగగా ఉంటే నీళ్లు కలిశాయి. పెట్రోల్ వాసన కొడితే పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర) చిరిగి పెట్రోల్ కింద ఆయిల్ చాంబర్‌లోకి కారుతోందేమో, అలాంటప్పుడు ఆయిల్ మార్చకుండా ఇంజన్ నడపొద్దు, బేరింగులు పోతాయి. సిమిలిగూడ, పొట్టంగి చలిలో రోజూ ఒక కిలోమీటరే నడిచే బండికి ఆయిల్ మూత లోపల కొంచెం తెల్లటి జిడ్డు పట్టడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. అదే జిడ్డు డిప్‌స్టిక్ మీద కూడా ఉంటేనే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య పలక) మీద అనుమానం పెట్టుకోండి.

మూడో మెట్టు: అసలు స్టార్ట్ కావడం లేదు

సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. ముందు స్పార్క్, తర్వాత పెట్రోల్. ఈ వరస తప్పొద్దు, ఎందుకంటే స్పార్క్ పరీక్షకి రెండు నిమిషాలు చాలు, పెట్రోల్ వైపు విప్పడం మొదలుపెడితే పొద్దంతా పోతుంది.

డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ కరెంటుని నాలుగు ప్లగ్గులకి పంచేది) క్యాప్ మధ్యలోకి వచ్చే లావు వైరుని పీకి, దాని కొసని చెక్క క్లిప్పుతో పట్టుకుని బ్లాకుకి 5, 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి సెల్ఫ్ కొట్టించండి. పెట్రోల్ కారుతున్న చోట ఈ పరీక్ష చేయొద్దు, గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు దగ్గరికి రావొద్దు. నీలంగా, చిటపటమని చప్పుడుతో దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ మూడూ బాగున్నట్టు. అలాంటప్పుడు లోపం రోటర్ (క్యాప్ లోపల తిరిగే ముక్క), క్యాప్, ప్లగ్గు వైర్లు, ప్లగ్గుల్లో ఎక్కడో ఉంది. సన్నగా నారింజ రంగులో ఉన్నా, అసలు లేకపోయినా వెనక్కి వెళ్లాలి.

వెనక్కి వెళ్లడానికి టెస్ట్ ల్యాంప్ తీసుకోండి. కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి సన్న వైరు పోయే టెర్మినల్‌కి ఒక కొస, ఇంజన్ ఎర్త్‌కి రెండో కొస. ఇగ్నిషన్ ఆన్ చేసి సెల్ఫ్ కొడితే ల్యాంప్ మిణుకుమిణుకుమనాలి. ఆగకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, మసి పట్టాయి లేదా గ్యాప్ ఎక్కువైంది. అసలు వెలగకపోతే కాయిల్ రెండో టెర్మినల్ దగ్గర పెట్టి చూడండి. అక్కడా వెలగకపోతే స్విచ్ నుంచే కరెంటు రావడం లేదు. అక్కడ వెలిగితే కాయిల్ లోపల తెగిందో, పాయింట్ల వైరో కండెన్సరో ఎర్త్‌కి తగిలి షార్ట్ అయిందో చూడాలి. ఒక్క బల్బుతో ఇంత దూరం వచ్చాం, ఇంకా ఒక్క పార్టూ కొనలేదు.

పాయింట్లు పూర్తిగా విడిపోయిన చోట గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళం, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటరు. పాయింట్ల మొహాలు నల్లగా కాలిపోయి, ఒకవైపు గుంట ఇంకోవైపు బొడిపె లేస్తే కండెన్సర్ మీద అనుమానం. కాయిల్ ప్రైమరీ చుట్ట మామూలుగా 3 ఓమ్‌ల దగ్గర చూపించాలి, చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక తెగే కాయిళ్లు ఉంటాయి కాబట్టి బండి ఆగిన క్షణంలోనే మీటర్ పెడితేనే నిజం తెలుస్తుంది.

మన కొండల మీద వానాకాలం గురించి ఒక మాట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొగమంచు, జల్లు తెరిపి ఇవ్వవు, క్యాప్ లోపల చెమట పడుతుంది. క్యాప్ తీసి, లోపల పొడి గుడ్డతో తుడిచి, సన్నటి వెంట్రుక లాంటి నల్ల గీత ఉందేమో వెలుగులో చూడండి. ఆ గీత కరెంటు దొంగదారి, తుడిస్తే పోదు, క్యాప్ మార్చాల్సిందే. రాత్రి చీకట్లో ఇంజన్ నడిపి బానెట్ కింద చూస్తే వైర్ల మీద నీలం మెరుపులు పాకడం కనిపిస్తుంది, పాడైన వైరు తనంతట తానే చూపించుకుంటుంది.

వైర్లన్నీ ఒకేసారి పీకకండి. పీకారా, అయితే గుర్తుపెట్టుకోండి: ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2, ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపుది, రోటర్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురుగా తిరుగుతుంది.

స్పార్క్ బాగుంటే ఇక పెట్రోల్. కాయిల్ సన్న వైరు విప్పేయండి, అప్పుడు స్పార్క్ రాదు. కార్బొరేటర్ దగ్గర పైపు తీసి గాజు సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. పంపు బాగుంటే ఇంజన్ రెండు చుట్లకి ఒకసారి బలంగా చిమ్ముతుంది. కారినట్టు వస్తే పంపు డయాఫ్రమ్, పంపు మూత కింద జల్లెడ, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు చూడాలి. రబ్బరు పైపుకి చిన్న పగులున్నా పెట్రోల్ బయటికి కారదు, గాలి లోపలికి లాగుతుంది, అందుకే కంటికి దొరకదు.

ఆ సీసాని అరగంట కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే అది నీళ్లు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమని పీల్చుకుంటుంది, తేమ మరీ ఎక్కువైతే నీళ్లతో కలిసి విడిపోయి అడుక్కి దిగుతుంది. నెలలకొద్దీ షెడ్డులో ఉన్న బండికి ఇది పెద్ద శత్రువు. పాత రబ్బరు పైపులు, డయాఫ్రమ్‌లు కూడా ఇథనాల్‌కి ఉబ్బి, మెత్తబడి, పగులుతాయి. ఒక్క పైపు పాడైనట్టు దొరికినా మొత్తం రబ్బరు అంతా ఇథనాల్‌కి ఆగే రకం వేయించేయండి, ఒకసారికి ఒకటే మార్పు అన్న నా మాటకి ఇదొక్కటే మినహాయింపు, ఎందుకంటే ఇది అగ్నిప్రమాదం సంగతి.

నాలుగో మెట్టు: స్టార్ట్ అవుతుంది, కానీ మిస్సింగ్

నాలుగింటిలో ఏది పనిచేయడం లేదో తేల్చాలి. ఇంజన్ ఆపి, ఒక ప్లగ్గు వైరు తీసి దాని కొసని బ్లాకుకి గట్టిగా ఎర్త్ చేసి, స్టార్ట్ చేసి వినండి. వేగం పడిపోతే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టే. ఏ తేడా లేకపోతే జబ్బు అక్కడే. నాలుగింటికీ ఇలాగే చేయండి. నడుస్తున్న ఇంజన్ మీద చేత్తో వైరు పీకే అలవాటు మానండి, షాక్ తగిలి చెయ్యి విదిలిస్తే ఫ్యాన్‌లోకి పోతుంది.

ఇప్పుడు ప్లగ్గులు నాలుగూ తీసి వరసగా కాగితం మీద పెట్టండి. లేత గోధుమ రంగు ఆరోగ్యం. పొడి మసి అంటే పెట్రోల్ ఎక్కువ. పెట్రోల్‌తో తడిగా ఉంటే అక్కడ స్పార్క్ లేదు. జిడ్డు నలుపు అంటే ఆయిల్ వస్తోంది. తెల్లగా కాలినట్టుంటే మిశ్రమం పలచన, లేదా గాలి ఎక్కడినుంచో దూరుతోంది. నాలుగూ ఒకేలా ఉంటే కారణం కార్బొరేటర్, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) లాంటి ఉమ్మడిది. ఒక్కటే తేడాగా ఉంటే ఆ సిలిండర్ సొంత జబ్బు. గ్యాప్ 0.025 అంగుళం, అంటే 0.64 మిల్లీమీటరు.

ఐదో మెట్టు: కంప్రెషన్, వాక్యూమ్, మన ఎత్తు

ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే కొరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, మాన్యువల్‌లో అంకెలు మైదానం గాలిని లెక్కపెట్టి రాసినవి. మన దగ్గర గాలి ఒత్తిడి సముద్ర తీరంతో పోలిస్తే పదో వంతు తక్కువ. కాబట్టి గేజ్ కూడా ఆ మేరకు తక్కువే చూపిస్తుంది, అది చూసి రింగులు పోయాయని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంజన్ వేడిచేసి, ప్లగ్గులన్నీ తీసి, కాయిల్ వైరు విప్పి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పెట్టి, ఒక్కో సిలిండర్‌కి ఐదారు చుట్లు తిప్పి అంకె రాయండి. పుస్తకంతో కాదు, నాలుగింటినీ ఒకదానితో ఒకటి పోల్చండి. వాటి మధ్య తేడా 10, 15 శాతం లోపు ఉంటే ప్రశాంతంగా ఉండండి. ఒకటి బాగా తక్కువైతే ఆ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. పక్కపక్క రెండూ కలిసి తక్కువగా ఉంటే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయింది.

వాల్వు అని తేలినా వెంటనే హెడ్ దించొద్దు. ముందు ట్యాపెట్లు (వాల్వుకీ దాన్ని నొక్కి తెరిచే రాకర్‌కీ మధ్య సందు) కొలవండి. 2000 నుంచి దేశమంతటా లెడ్ లేని పెట్రోలే దొరుకుతోంది, ఈ పాత ఇనుప హెడ్‌లో గట్టి సీట్లు వేయించకపోతే ఎగ్జాస్ట్ వాల్వు సీటు నెమ్మదిగా అరుగుతుంది, వాల్వు లోపలికి కూరుకుని ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోతుంది, వాల్వు పూర్తిగా మూతపడదు. ఈ ఇంజన్‌కి సాధారణంగా 0.015 అంగుళం గ్యాప్, చల్లగానా వేడిగానా అన్నది మీ మాన్యువల్ చూసుకోండి. ఏది ఎప్పుడు సెట్ చేయాలంటే తొమ్మిది లెక్క: ముందునుంచి ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉంటే ఒకటోది సెట్ చేయాలి, ఏడోది తెరుచుకుంటే రెండోది, ఎప్పుడూ మొత్తం తొమ్మిది రావాలి. సెట్ చేశాక కంప్రెషన్ మళ్లీ చూడండి. కొన్ని వేల కిలోమీటర్లలోనే అదే గ్యాప్ మళ్లీ మూసుకుపోతుంటే సీటు అరుగుతోందని అర్థం, అప్పుడు హెడ్ దించి గట్టి సీట్లు వేయించడమే మందు.

వాక్యూమ్ గేజ్‌ని ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి తగిలించి ఐడ్లింగ్‌లో చూడండి. మైదానంలో ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. ప్రతి వెయ్యి అడుగులకీ ఒక అంగుళం తగ్గుతుంది, అంటే కొరాపుట్‌లో 14 నుంచి 18 వచ్చినా ఆరోగ్యమే. ముల్లు లయగా ఒకేచోట ఠక్కున పడి లేస్తుంటే ఒక వాల్వు మూసుకోవడం లేదు. నిలకడగానే ఉండి బాగా తక్కువైతే టైమింగ్ వెనకబడింది, లేదా గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు. ఈ ఇంజన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి కాబట్టి లీకు వెతకడానికి కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే కొట్టొద్దు, వేడి ఎగ్జాస్ట్ మీద పడితే అంటుకుంటుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే నీళ్లు సన్నగా స్ప్రే చేసి, ఎక్కడ కొడితే శబ్దం మారుతుందో వినండి.

సాలూరులో ట్యూన్ చేయించిన బండి సుంకి ఎక్కి పొట్టంగి దాటాక బరువుగా లాగుతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. పైన గాలి పలచన, కార్బొరేటర్‌కి ఆ సంగతి తెలియదు, పెట్రోల్ ఎక్కువైపోతుంది. మీరు ఎక్కువగా తిరిగేది పైనే అయితే మిశ్రమం పైనే సెట్ చేయించుకోండి. ఎస్‌యూ కార్బొరేటర్ ఉంటే పరీక్ష సులభం: ఐడ్లింగ్‌లో పిస్టన్‌ని ఒక మిల్లీమీటరు పైకి లేపండి, వేగం పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోల్ ఎక్కువ, పడిపోయి ఆగబోతే తక్కువ, కొంచెం పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉంది. దాని పైన గొట్టంలో ఆయిల్ ఉందో లేదో కూడా చూడండి, అది లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒక్క క్షణం తడబడుతుంది. సోలెక్స్ కార్బొరేటర్ అయితే ఇంజన్ ఆపి దాని గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ నొక్కండి, సన్నటి ధార చిమ్మాలి.

ఆరో మెట్టు: ఘాట్‌లో వేడి

మన ఎత్తులో మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే రేడియేటర్ మూత రబ్బరు, స్ప్రింగు బాగుండటం కింద ఊళ్లవాళ్ల కంటే మనకే ఎక్కువ అవసరం. వేడిగా ఉన్నప్పుడు మూత తీయొద్దు. చల్లారాక తీసి, స్టార్ట్ చేసి చూడండి. నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్. లేకపోతే ఫ్యాన్ బెల్టు బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, రేడియేటర్ పై భాగం వేడిగా ఉండి కింద చల్లగా ఉంటే లోపల మూసుకుంది, పై పైపు ఇంజన్ వేడెక్కినా చల్లగానే ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు. టైమింగ్ వెనకబడినా వేడెక్కుతుంది, ఇది ఎవరూ అనుమానించరు.

ఎండాకాలం ఘాట్ మధ్యలో దగ్గి ఆగి, పంపు మీద తడి గుడ్డ వేస్తే పది నిమిషాలకి స్టార్టయిందంటే పెట్రోల్ ఆవిరి అడ్డుపడింది, మన డ్రైవర్లు ఎయిర్ లాక్ అనేది దీన్నే. తడి గుడ్డ ఆ పూటకి చాలు. ఇంటికొచ్చాక పైపు ఎగ్జాస్ట్‌కి తగలకుండా దూరం జరిపి, మధ్యలో వేడి ఆపే రేకు పెట్టాలి.

దిగేటప్పుడు ఘాట్ ఒక మంచి పరీక్ష కూడా. గేర్‌లో ఉంచి యాక్సిలరేటర్ వదిలి చాలాదూరం దిగి, కింద మళ్లీ తొక్కగానే వెనక నీలం పొగ గుప్పుమంటే వాల్వు గైడ్లు అరిగాయి. ఎక్కేటప్పుడు ఆగకుండా నీలం పొగ వస్తే రింగులు. నల్ల పొగ పెట్రోల్ ఎక్కువ. వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీళ్లు కాలుతున్నాయి.

ఎప్పుడు ఆపేయాలి

పైన రాకర్ కవర్ దగ్గర టకటకమని తేలిగ్గా వినిపిస్తే ట్యాపెట్లు, తీరిక చూసుకుని చేసుకోవచ్చు. కింద నుంచి బరువుగా, లోడ్ పడ్డప్పుడు దబదబమని వస్తూ, వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ బాగా పడిపోతుంటే అది బేరింగ్. అక్కడే ఇంజన్ ఆపి, లారీకి కట్టి తీసుకురండి, మెల్లగా నడుపుకుంటూ వచ్చేద్దాం అనుకుంటే క్రాంక్ కూడా పోతుంది. మేస్త్రీకి అప్పగించేటప్పుడు మీరు రాసుకున్న అంకెలు, కంప్రెషన్ నాలుగూ, వాక్యూమ్, ఏ ప్లగ్గు ఏ రంగులో ఉంది, ఏం మార్చారు, ఏం మార్చలేదు, అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. తీసిన పాత పార్టులు మొత్తం వెనక్కి అడిగి తెచ్చుకోండి, వాటి మీద అరుగుదల చూస్తే తర్వాతి పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.